ఆఖరి ఏడు సెకన్లు

రేడియో ప్రకటన ముప్పై సెకన్లు ఉంటుంది. అందులో మొదటి ఇరవై మూడు తేనెగొంతువి. ఆఖరి ఏడు షరతులాయనవి.

రెండూ ఆఫీసులో పెట్టిన పేర్లే. తేనెగొంతు సబ్బు గురించి చెప్పినా, బీమా గురించి చెప్పినా ప్రతి మాట తర్వాత కాస్త ఆగుతాడు. వినేవాళ్ళు ఆ సందులో ఆ వస్తువుని మనసులోనే ఇంటికి తెచ్చేసుకుంటారని అతని నమ్మకం. అతను స్టూలు మీంచి లేచాక షరతులాయన మైకు దగ్గరికి జరుగుతాడు. గుండె నిండా గాలి పీల్చుకుని, ఫలితాలు మనిషి మనిషికీ మారవచ్చనీ, సరుకు ఉన్నంతవరకేననీ, వాడాక ఏం జరిగినా కంపెనీకి సంబంధం లేదనీ ఒక్క ఊపిరిలో అనేస్తాడు. ఏడు సెకన్లలో ముప్పై ఎనిమిది మాటలు. పదిహేడేళ్ళుగా ఇదే పని. రికార్డింగు ఉన్న రోజు గొంతుకి జిగట పడుతుందని పొద్దున పాలు తాగడు. ఒక్క మాట కూడా మింగడు. మింగితే చట్టం ఒప్పుకోదు. అర్థమయ్యేలా చదివితే మేనేజరు ఒప్పుకోడు.

ఇంట్లో ఆయన కాక ముగ్గురు. భార్య దర్జీ. ముందు గదిలో కుట్టు మిషను, బట్ట కత్తిరించే బల్ల, కిటికీలో రేడియో ఉంటాయి. ఆవిడ మెడలో టేపు ఉంటుంది, స్నానానికి వెళ్ళేటప్పుడు తప్ప తీయదు. రెండో మనిషి అత్తగారు. మూడో మనిషి ఎనిమిదేళ్ళ కూతురు. పుట్టినప్పుడు బరువు చూసిన నర్సు “బఠాణీగింజలా ఉంది” అంది. ఆ పేరే నిలిచిపోయింది. బళ్ళో ఎత్తు ప్రకారం నిలబెట్టే వరసలో బఠాణీది మొదటి స్థానం. మొదటి స్థానం వచ్చిందని ఏడ్చే పిల్ల ఆ బళ్ళో తనొక్కతే.

గొడవంతా ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాల దగ్గర మొదలైంది.

“నాన్నా, ఆ బూట్లు వేసుకుంటే గాల్లో పరిగెత్తచ్చంట,” అంది బఠాణీ.

“ఎవరన్నారు?”

“రేడియోలో మెల్లగా మాట్లాడే అంకుల్.”

“ఆ తర్వాత నేనేమన్నాను?”

“నువ్వు అన్నది ఎవరికి అర్థమవుతుంది?”

షరతులాయన ఆ షరతుని ఆమె కోసం విడమరిచి చెప్పాడు. గాలి అన్నది పోలిక మాత్రమే, పరిగెత్తేది నేల మీదే, పడితే కంపెనీకి సంబంధం లేదు. బఠాణీ నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. ఆ ముఖం చూసి ఆయనకి ఉత్సాహం వచ్చింది.

“చూడు తల్లీ. మెల్లగా చెప్పేది అమ్మడానికి. గబగబా చెప్పేది నిజం. నువ్వు ఎప్పుడూ గబగబా చెప్పేదే పట్టుకో, నిన్నెవ్వరూ మోసం చెయ్యలేరు.”

భార్య గరిటె కింద పెట్టింది. “పిల్లకి అలా చెప్పకండి. నా దగ్గరికొచ్చేవాళ్ళలో నడుము ఎంతంటే ఉన్నది చెప్పినవాళ్ళు ఇంతవరకూ లేరు. మెల్లగా చెప్పేవాళ్ళు ఉన్నారు, గబగబా చెప్పేవాళ్ళు ఉన్నారు. అందరూ రెండంగుళాలు మింగేస్తారు. టేపు పెట్టి చూసుకోమని చెప్పండి.”

“ప్రతిదానికీ టేపు పెడతారా ఎవరైనా?” అని షరతులాయన నవ్వాడు. కూతురికి కావలసిన లోకజ్ఞానమంతా మూడు వాక్యాల్లో ఇచ్చేశానని లేచి చేయి కడుక్కున్నాడు.

బఠాణీ ఆ మూడు వాక్యాలనీ తూచా తప్పకుండా పాటించింది.

సోమవారం పొద్దున అమ్మమ్మ, “చన్నీళ్ళు పోసుకోకే, జలుబు చేస్తుంది,” అంది.

“మెల్లగా చెప్తున్నావు అమ్మమ్మా. ఏం అమ్ముతున్నావు?”

“నేను అమ్మేదేంటే? నా దగ్గర నా పళ్ళే లేవు.”

బఠాణీ చన్నీళ్ళు పోసుకుంది. జలుబు చేసింది. జలుబు చేసిందని కూడా ఎవరో గబగబా చెబితేగానీ ఒప్పుకోలేదు. బుధవారానికల్లా అమ్మమ్మ దారికొచ్చింది. కట్టుడుపళ్ళు బిగించుకుని, “రాజు, రాక్షసుడు, యుద్ధం, పెళ్ళి, అయిపోయింది, పడుకో,” అని కథని ఒక్క ఊపిరిలో ముగించడం నేర్చుకుంది. ఇన్నేళ్ళ అమ్మమ్మ కథల్లో బఠాణీ పూర్తిగా నమ్మిన మొదటి కథ అదే.

రెండు వారాలకి బడి నుంచి కబురు వచ్చింది. పంతులమ్మ షరతులాయనని కూర్చోమంది గానీ ఆవిడే కూలబడినట్టు కూర్చుంది.

“మీ అమ్మాయి నోటుబుక్కులో ఏడో ఎక్కం పక్కన ‘అమ్మకం’ అని రాసుకుంది సార్. ఇదేంటే అంటే, ‘మీరు ఆగి ఆగి చెప్పారు మిస్’ అంది.”

“చిన్నపిల్ల కదండీ…”

“ఒక్క పిల్లయితే మిమ్మల్నెందుకు పిలుస్తాను? ముప్పై నాలుగు మందీ అలాగే తయారయ్యారు. ఒక్క ఊపిరిలో చెప్తేగానీ రాసుకోవట్లేదు. నిన్న తొమ్మిదో ఎక్కం మధ్యలో కళ్ళు తిరిగి పడిపోయాను. మనిషి పడిపోయేంత గబగబా చెప్పింది కాబట్టి తొమ్మిదో ఎక్కం పక్కా నిజమని క్లాసంతా తీర్మానించారు.”

“తప్పునాదేనండీనేనేఇంట్లోఅలాచెప్పాను,” అన్నాడు షరతులాయన. కంగారులో ఆయనకి అదే వేగం వస్తుంది. కిటికీలోంచి చూస్తున్న పిల్లలు తలలూపారు. ఆయన తప్పు ఆయనదేనని వాళ్ళకి నమ్మకం కుదిరింది.

బడి నుంచి ఆ జబ్బు వీధుల్లోకి పాకింది. బడి ముందు ఐస్‌క్రీం బండి పెట్టుకునే మనిషి ఇరవై ఏళ్ళుగా రాగం తీసి పిలిచేవాడు. ఇప్పుడు పిల్లలు అతని ముందు నుంచే మొహం తిప్పుకుని పోసాగారు. మూడు రోజులు చూశాడు. నాలుగో రోజు ఒళ్ళు మండి, “రంగు కలిపాను నీళ్ళెక్కువ పాలు తక్కువ నిన్నటి సరుకు తింటే తినండి లేకపోతే లేదు,” అని అరిచాడు. వెంటనే వరస కట్టారు. పావుగంటలో బండి ఖాళీ.

ఆ వరస వెనక కారు ఆగిపోయింది. కారులో మేనేజరు ఉన్నాడు.

మర్నాడు స్టూడియోలో మేనేజరు గాజు అద్దానికి అవతల నుంచి ఇవతలికి వచ్చాడు. పదిహేడేళ్ళలో ఆయన ఇవతలికి రావడం రెండోసారి. మొదటిసారి పైకప్పు కారింది.

“పిల్లలు మన ఇరవై మూడు సెకన్లూ చెవులు మూసుకుంటున్నారు,” అన్నాడు. “ఆఖరి ఏడింటికి పరిగెత్తుకొచ్చి రేడియో ముందు కూర్చుంటున్నారు. ఈ విద్య ఎవరు నేర్పారో గానీ, వాళ్ళకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి.”

షరతులాయన చప్పుడు ఆపడానికి గోడకి అంటించిన స్పాంజిలో చిల్లులు చూస్తూ నిలబడ్డాడు.

మేనేజరు కాగితాలు పంచాడు. సరుకు పేరు ‘నిటారు’. పాలలో కలుపుకునే పొడి. తేనెగొంతు తన కాగితం పైకి చదివాడు. “ఈ పొడికీ… ఎత్తుకీ… సంబంధం ఉందని… ఇంతవరకూ… ఎవరూ నిరూపించలేదు…” వెనక వేణువు వస్తుందని బ్రాకెట్లో రాసి ఉంది.

షరతులాయన కాగితంలో ఇలా ఉంది: రోజుకి రెండు చెంచాలు తాగిన ప్రతి పిల్లా ప్రతి పిల్లాడూ ముప్పై రోజుల్లో రెండు వేళ్ళ ఎత్తు పెరుగుతారు, ఇందులో ఏ షరతూ లేదు.

“సార్, ఇది తిరగబడింది.”

“తిరగబడలేదు. తిప్పాం.”

“ఇది అబద్ధం కదండీ?”

“నిజం అంతా ప్రకటనలోనే ఉందయ్యా. తేనెగొంతు ఇరవై మూడు సెకన్లు అదే పాడుతున్నాడు. ఎవరు ఎంత వేగంగా చెప్పాలో చట్టంలో రాయలేదు.”

“నేను చదవనంటే?”

“వేలంపాటలు పాడే ఆయన ఒకడున్నాడు. ఏడు సెకన్లలో నలభై ఒక్క మాటలు లాగేస్తాడట.”

తర్వాత ఇంట్లో భార్య అడిగినప్పుడు షరతులాయన ఉద్యోగం అన్నాడు, వయసు అన్నాడు, నా కూతురికి ఆమాత్రం తెలియదా అన్నాడు. ఆయనని ఆ రోజు స్టూలు మీద కూర్చోబెట్టింది మాత్రం ఎక్కువైన ఆ మూడు మాటలు. గాలి పీల్చుకున్నాడు. మేనేజరు చెప్పిన ప్రకారం పేరు, చిరునామా, డబ్బా రంగు కూడా కలుపుకుని ఏడు సెకన్లలో నలభై రెండు చదివాడు. తేనెగొంతు చప్పట్లు కొట్టాడు.

ప్రకటన గురువారం పొద్దున్నే వచ్చింది. షరతులాయన ఆఫీసుకి చెప్పులు వేసుకుంటుండగానే బఠాణీ గుమ్మంలోకి దూసుకొచ్చింది. ముందు గదిలో భార్య ఒకావిడకి జాకెట్టు కొలతలు తీస్తోంది. అమ్మమ్మ బొత్తాలు ఏరుతోంది.

“నాన్నా, నాకు నిటారు కావాలి.”

“అది ప్రకటన తల్లీ. నమ్మకూడదు.”

బఠాణీ కళ్ళు చిన్నవి చేసింది. “మెల్లగా చెప్తున్నావు.”

షరతులాయన ఊపిరి పీల్చుకున్నాడు. “ఆపొడితోఎవరూఎత్తుపెరగరుగబగబాచెప్పేదంతానిజంకాదు.”

బఠాణీ మెట్టు మీద కూర్చుని వేళ్ళు ముడవడం మొదలుపెట్టింది. “ఇప్పుడు గబగబా చెప్పావు కాబట్టి ఇది నిజం. అంటే గబగబా చెప్పేదంతా నిజం కాదు. అంటే నువ్వు ఇప్పుడు చెప్పింది కూడా నిజం కాకపోవచ్చు. అది నిజం కాకపోతే గబగబా చెప్పేదంతా నిజమే. అంటే నిటారు తాగితే పెరుగుతారు.”

“ఆగవే, నా బుర్ర గిర్రున తిరుగుతోంది,” అంది అమ్మమ్మ.

కొలతలకి చేతులు పైకెత్తి నిలబడ్డ ఆవిడ, “ఇంతకీ తాగాలా, వద్దా?” అని అడిగింది.

“చివరికి వెళ్ళాలని లేదు నాన్నా,” అంది బఠాణీ. “వరసలో రెండో స్థానం చాలు.”

షరతులాయన వేసుకున్న చెప్పులు మళ్ళీ విప్పేశాడు. పదిహేడేళ్ళు చదివిన షరతులని పనిగట్టుకుని విని నమ్మిన మొదటి మనిషి ఈ పిల్ల. ఆమెకి ఇప్పుడు నిజం చెప్పాలి. చెప్పడానికి ఆయన దగ్గర రెండే వేగాలున్నాయి. రెండూ చెల్లలేదు.

భార్య నోట్లోని గుండుసూదులు తీసి బల్ల మీద పెట్టింది. మెడలోంచి టేపు తీసింది. “ఇలా రా,” అంది. “తలుపుకి ఆనుకుని నిలబడు. మడమలు ఎత్తకు.”

నూట పదిహేడు సెంటీమీటర్ల ఆరు మిల్లీమీటర్లు. తలుపు చట్రం మీద పెన్సిలుతో గీత గీసింది.

“ముప్పై రోజులు తాగు. నేనేమీ చెప్పను, నాన్న కూడా ఏమీ చెప్పరు. కానీ నువ్వొక్కదానివే తాగి పెరిగితే, పొడి వల్ల పెరిగావో వయసు వల్ల పెరిగావో నీకెలా తెలుస్తుంది?”

బఠాణీ ఆలోచించింది. మర్నాడు తన వెనక, వరసలో రెండో స్థానంలో నిలబడే పిల్లని వెంటబెట్టుకొచ్చింది. ఆ పిల్ల పొడి తాగదు, కొలతకి మాత్రం వస్తుంది. పాలంటే ప్రాణం కాబట్టి అమ్మమ్మ తనంతట తానే చేరింది. పెరగదని అందరికీ ముందే తెలిసినది ఒకటి ఉండాలని భార్య చీపురుని చేర్చింది. దానికి పోయకపోతే అన్యాయమని బఠాణీ రోజూ చీపురు మొదలు మీద కూడా రెండు చెంచాలు పోసేది. చీమలు పట్టాయి.

మొదటి రోజు పొద్దున తాగి, సాయంత్రం కొలుచుకుంటే ఐదు మిల్లీమీటర్లు తగ్గింది. బఠాణీ లబలబలాడింది. పిల్లని కుదించే పొడి అని అమ్మమ్మ డబ్బా దూరంగా జరిపింది. రెండో రోజు పొద్దున మళ్ళీ పాత గీతకే వచ్చింది. నాలుగు రోజులు అలా పెరిగి, తరిగి, చివరికి బఠాణీ గోడ మీద తనే రాసుకుంది: “మనిషి పొద్దున పొడుగు, సాయంత్రం పొట్టి. పొద్దునే కొలవాలి.” ఈ ముక్క ఆమెకి ఎవరూ చెప్పలేదు, ఏ వేగంలోనూ.

షరతులాయనకి ఆ నెల రోజులు ఇంట్లో పని లేదు. ఉప్పు అందించమన్నా బఠాణీ ఒక్క క్షణం ఆగి ఆయన వేగం చూసుకునేది. పందొమ్మిదో రోజు ఆయనకి ఒక భయం పట్టుకుంది. ఎనిమిదేళ్ళ పిల్ల నెలలో ఎంతో కొంత పెరుగుతుంది. పెరిగితే పొడి గొప్పే అనుకుంటుంది. తన గొంతు గెలుస్తుంది. పిల్ల బడికి వెళ్ళాక పెన్సిలు తీసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. మొదటి గీతని కాస్త పైకి జరిపితే చాలు, ఏమీ పెరగనట్టు తేలుతుంది.

“ఏం చేస్తున్నారు?” భార్య మిషను ఆపకుండానే అడిగింది.

“దానికి నిజం తెలియాలని.”

“దొంగ గీత గీసి నిజం చెప్తారా? మీ మేనేజరుకీ మీకూ తేడా ఏముంది? ఆ పెన్సిలు ఇటివ్వండి, నాకు కాలరు గీసుకోవాలి.”

ఇచ్చేశాడు.

ముప్పయ్యో రోజు పొద్దున గుమ్మంలో జనం. కొలతలకి చేతులెత్తి నిలబడ్డ ఆవిడ కూడా వచ్చింది. భార్య టేపు పట్టింది, బఠాణీ రాసింది. బఠాణీ నాలుగు మిల్లీమీటర్లు పెరిగింది. తాగని పిల్ల ఐదు పెరిగింది. అమ్మమ్మ ఎక్కడున్నది అక్కడే ఉంది. “నాకు తెలుస్తోంది కదా, మోకాళ్ళ దగ్గర పెరిగాను,” అని ఆవిడ వాదించింది గానీ టేపు వినలేదు. నెలంతా ఊడవడంతో అరిగి చీపురు ఆరు మిల్లీమీటర్లు తరిగింది.

బఠాణీ ఆ అంకెలని చాలాసేపు చూసింది. తనకీ రెండో పిల్లకీ మధ్య దూరం ఒక మిల్లీమీటరు పెరిగింది. ఏడవలేదు. తండ్రి దగ్గరికి వచ్చి నిలబడింది.

“నువ్వు రేడియోలో అబద్ధం చదివావు.”

“చదివాను.”

“తెలిసే చదివావా?”

“తెలిసే.”

“ఎందుకు?”

“వేలంపాటాయన నాకంటే మూడు మాటలు ఎక్కువ చెప్తాడన్నారు.”

“అంతేనా?”

“అంతే.”

బఠాణీ ఆయన ముఖంలోకి చూసింది. “మెల్లగా చెప్పావు. అయినా నిజంలాగే ఉంది. కానీ దీన్ని కొలవడానికి లేదు.”

ఆ రోజు నుంచి ముప్పై సెకన్లలో ఆఖరి ఏడు రాగానే లేచి వెళ్ళి రేడియో ఆపేసేది. షరతులాయన మిషను పక్కన కూర్చుని, తన గొంతు రావలసిన చోట కుట్టు చప్పుడు వినేవాడు.

బడిలో ముప్పై నాలుగు మందికీ టేపులు కావలసి వచ్చాయి. అరిగి అంకెలు పోయిన పాత టేపులు భార్య పంచింది. పోయిన అంకెలు పిల్లలే రాసుకున్నారు. పంతులమ్మకి ఊపిరి ఆడింది. ఇప్పుడామె ఏడో ఎక్కం మెల్లగా చెబుతుంటే, పిల్లలు ఏడేసి చింతగింజలు పేర్చి సరిచూసుకుంటున్నారు. ఐస్‌క్రీం బండి మనిషి మళ్ళీ రాగం అందుకున్నాడు. నిటారు డబ్బాలు దుకాణాల్లో నిలబడిపోయాయి.

మేనేజరు మళ్ళీ అద్దం ఇవతలికి వచ్చాడు. “పిల్లలు టేపులు పట్టుకుని తిరుగుతున్నారు. మంచిదే. టేపు మనమే ఇద్దాం.” షరతులాయన చేతిలో కాగితం, దాని మీద పసుపు రంగు టేపు ఒకటి పెట్టాడు. నిటారు డబ్బాతో కొలత టేపు ఉచితం. కొలిచి చూసుకోండి, మీ కళ్ళే సాక్ష్యం. రేపు పది గంటలకి రికార్డింగు.

సాయంత్రం షరతులాయన ఆ టేపుని కత్తిరించే బల్ల మీద పెట్టాడు. పక్కన కాగితం పెట్టాడు.

“ఇదెక్కడిది?” అంది బఠాణీ.

“మేనేజరు ఇచ్చాడు. రేపు దీని గురించి చదవాలి.”

“మంచి టేపేనా?”

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. పదిహేడేళ్ళలో ఆయన మాట మింగడం అదే మొదటిసారి.

బఠాణీ కాసేపు ఎదురుచూసింది. మెల్లగానూ రాలేదు, గబగబానూ రాలేదు. తల్లి మెడలోంచి టేపు లాక్కుంది. రెండిటినీ బల్ల మీద పక్కపక్కన పరిచింది. ఒక వైపు సరిచేస్తే రెండో వైపు జారిపోతోంది. చేతులు చాలలేదు.

“ఆ చివర పట్టుకో నాన్నా. రెండూ కలిపి. గట్టిగా.”

షరతులాయన వంగి బొటనవేళ్ళతో నొక్కి పట్టుకున్నాడు. బఠాణీ టేపుల వెంబడి వేలు జరుపుకుంటూ వెళ్ళింది. తల్లి టేపు మీద వంద ఉన్న చోట పసుపు టేపు మీద నూట మూడు ఉంది. వేలు అక్కడే పెట్టి తల్లిని పిలిచింది. భార్య కళ్ళజోడు పెట్టుకుని వచ్చి చూసి, “అమ్మ దొంగల్లారా,” అంది.

“అయితే ఆ పసుపు దాంతో నన్ను కొలవండే,” అని అమ్మమ్మ తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. “నేను పెరిగానని మొత్తుకుంటూనే ఉన్నాను.”

బఠాణీ కాగితం తిరగేసి వెనకవైపు రాసింది: “వందకి మూడు దొంగ.” రాసి, తలెత్తింది.

“రేపు చదువుతావా?”

“చదవను.”

ఒక్క మాట. గబగబా చెప్పాడో మెల్లగా చెప్పాడో పోల్చుకోవడానికి ఆ మాటకి పొడుగు చాలదు. బఠాణీ ఆయన వైపు చూసింది.

“రేపు రేడియో ఆపను. ఆఖరిదాకా వింటాను,” అంది. “చివర వదలకు. ఇంకోసారి కొలవాలి.”